బుద్ధుని కాలపు రాజులు, రాజవంశ కలహాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

సిద్ధార్థుడు రాజభవనం విడిచి వెళ్లిన కథ మనందరికీ చిన్నప్పుడే తెలుసు. ఆ తరువాత నలభై అయిదేళ్ల పాటు ఆయన ధర్మం బోధిస్తూ తిరిగిన దారులన్నీ మళ్లీ రాజుల ఊళ్ల మీదుగానే సాగాయి. ఆ రాజులు ఆయన పాదాలకు మొక్కారు, తోటలు దానం చేశారు. వాళ్లలో కొందరు సొంత తండ్రులను చెరలో పెట్టారు, మేనమామలతో యుద్ధం చేశారు, ఆయన పుట్టిన వంశాన్నే నరికేశారు. పాళి భాషలోని బౌద్ధ గ్రంథాలు చదవడం మొదలుపెట్టిన మిత్రులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

ముందుగా, ఈ రాజుల్లో ఎవరికి ఎవరు ఏమవుతారు?

మగధకు రాజు బింబిసారుడు. రాజధాని రాజగృహం, అంటే నేటి బీహార్‌లోని రాజ్‌గిర్. కోసలకు రాజు ప్రసేనజిత్తు, రాజధాని శ్రావస్తి. బింబిసారుడు ప్రసేనజిత్తు తోబుట్టువు కోసలదేవిని పెళ్లాడాడు. బింబిసారుడి కొడుకు అజాతశత్రువు. పాళి గ్రంథాలకు తరువాత రాసిన వ్యాఖ్యానాల ప్రకారం ఇతను కోసలదేవి కడుపున పుట్టినవాడే, కాబట్టి ప్రసేనజిత్తుకు మేనల్లుడు. ఆ తరువాత ప్రసేనజిత్తు తన కూతురు వజిరను ఇతనికే ఇచ్చి చేశాడు. మన ఇళ్లలో చెప్పుకున్నట్టు చెప్పాలంటే ఇది మేనరికం. మేనమామే పిల్లనిచ్చిన మామ అయ్యాడు. వాళ్ల మధ్య జరిగిన యుద్ధాల గురించి చదివేటప్పుడు ఈ చుట్టరికాన్ని మనసులో ఉంచుకోవాలి.

ఉజ్జయినిలో ప్రద్యోతుడు, కౌశాంబిలో ఉదయనుడు ఉండేవారు. గంగకు ఉత్తరాన వైశాలి కేంద్రంగా వజ్జి గణరాజ్యం ఉండేది. అక్కడ ఒక్క రాజు అంటూ లేడు, సభే పాలించేది.

బుద్ధుడు రాజకుమారుడు కదా, మరి శాక్యులది స్వతంత్ర రాజ్యం కాదా?

కాదు. శాక్యులు తమ వ్యవహారాలను తమ సభాభవనంలో కూర్చుని తేల్చుకునే గణం, కానీ కోసల రాజుకు లోబడినవారు. దీఘనికాయంలో, అంటే పొడవైన సుత్తాల (బుద్ధుడి ఉపదేశాల) సంపుటిలో, ఈ మాట సూటిగానే ఉంది. మరో సుత్తాల సంపుటి మజ్ఝిమనికాయంలో ప్రసేనజిత్తు ముసలితనంలో బుద్ధుడితో 'భగవానుడు కోసలుడే, నేనూ కోసలుణ్ణే. భగవానుడికి ఎనభై ఏళ్లు, నాకూ ఎనభై' అంటాడు. ప్రేమగా అన్న మాటే. అయినా ఎవరి ఏలుబడిలో ఎవరున్నారో అందులోనే తెలుస్తుంది.

అజాతశత్రువు తండ్రిని నిజంగా చంపాడా?

బౌద్ధ సంప్రదాయం అంతా అవుననే చెబుతుంది. అయితే కథ పొరలు పొరలుగా పెరిగింది, ఆ పొరలను విడదీసి చూడటం మంచిది.

సుత్తాల్లో దొరికేది ఒక్క ఒప్పుకోలు. రాజ్యం కోసం ధర్మాత్ముడైన తండ్రి ప్రాణం తీశానని అజాతశత్రువు బుద్ధుడి ముందు తన నోటితో చెప్పుకుంటాడు.

భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకంలో ఒక దృశ్యం కనిపిస్తుంది. యువరాజు తొడకు కత్తి కట్టుకుని, పట్టపగలు, భయపడుతూ, అటూ ఇటూ చూస్తూ అంతఃపురంలోకి వెళతాడు. కాపలా ఉన్న మంత్రులు పట్టుకుని ఏం చేయబోయావని అడుగుతారు. తండ్రిని చంపడానికి వచ్చానంటాడు. ఎవరు పురికొల్పారంటే దేవదత్తుడి పేరు చెబుతాడు. యువరాజునూ దేవదత్తుణ్ణీ భిక్షువులందరినీ చంపించాలని కొందరు మంత్రులు, భిక్షువుల తప్పేమీ లేదు గనుక మిగిలిన ఇద్దరినీ చంపితే చాలని మరికొందరు, ఎవరినీ చంపకుండా రాజుకు చెబుదామని ఇంకొందరు అంటారు. బింబిసారుడు మొదటివాళ్లను పదవుల నుంచి తీసేసి, రెండోవాళ్ల హోదా తగ్గించి, మూడోవాళ్లను పైకెత్తుతాడు. తరువాత కొడుకును పిలిచి ఎందుకు చంపాలనుకున్నావని అడుగుతాడు. రాజ్యం కావాలని కొడుకు చెబుతాడు. అయితే తీసుకో, ఈ రాజ్యం నీదేనంటాడు తండ్రి. పాళిలో ఈ ఘట్టం నాలుగు ముక్కల్లో అయిపోతుంది. విలాపాలు లేవు, ఉపదేశం లేదు. నేను ఎన్నిసార్లు చదివినా అక్కడ ఆగిపోతాను.

చెరసాల కథ క్రీ.శ. 5వ శతాబ్దపు వ్యాఖ్యానాల్లో వస్తుంది. రాజ్యం దక్కినా కొడుకుకు నమ్మకం కుదరదు. తండ్రిని చెరలో పెట్టి తిండి ఆపిస్తాడు. తల్లిని తప్ప ఎవరినీ లోపలికి పోనివ్వరు. ఆమె ఒడిలో దాచి అన్నం తీసుకెళుతుంది. అది పట్టుబడితే కొప్పులో దాస్తుంది, తరువాత పాదరక్షల్లో. చివరికి ఒంటికి తీపి లేహ్యం పూసుకుని వెళితే రాజు దాన్ని నాకి ప్రాణం నిలుపుకుంటాడు. అదీ తెలిసిపోయి ఆమెను కూడా ఆపేస్తారు. అటుఇటు నడుస్తూ ధ్యానంలో గడుపుతున్నాడని తెలిసి మంగలిని పంపి అరికాళ్లు కోయించి, ఉప్పూ నూనే రాయించి, చండ్రనిప్పుల మీద కాల్పిస్తారు.

అదే రోజు అజాతశత్రువుకు కొడుకు పుడతాడు. రెండు లేఖలు ఒకేసారి వస్తాయి, ఒకటి బిడ్డ పుట్టాడని, రెండోది తండ్రి పోయాడని. మంత్రులు మొదటిదే ముందు అందిస్తారు. బిడ్డ మీద ప్రేమ పొంగి, నేను పుట్టినప్పుడు మా నాన్నకూ ఇలాగే అనిపించి ఉంటుంది, వెళ్లి విడిపించండి అంటాడు. అప్పుడు రెండో లేఖ ఇస్తారు. తల్లి దగ్గరికి పరుగెత్తి, నాన్నకు నా మీద ప్రేమ ఉండేదా అని అడుగుతాడు. ఆమె అంటుంది, చిన్నప్పుడు నీ వేలికి సెగ్గడ్డ లేచింది, ఏడుపు ఆపలేక దాసీలు నిన్ను న్యాయసభలో ఉన్న తండ్రి దగ్గరికి తీసుకెళ్లారు, ఆయన ఆ వేలు నోట్లో పెట్టుకున్నాడు, గడ్డ అక్కడే పగిలింది, నీ మీది ప్రేమతో చీమూ నెత్తురూ ఉమ్మకుండా మింగేశాడు.

ఇది చరిత్ర కాకపోవచ్చు. కానీ ఈ కథ చెప్పినవాళ్లు ఒక రాజును తిట్టడానికి చెప్పలేదు. కొడుకు ఏం పోగొట్టుకున్నాడో తెలిసేలా చెప్పారు.

'అజాతశత్రువు' అంటే అర్థం ఏమిటి?

సంస్కృతం తెలిసిన ఎవరైనా 'శత్రువే పుట్టనివాడు' అంటారు. అది మంచి బిరుదే, ధర్మరాజుకూ ఆ పేరుంది. వ్యాఖ్యానకారులు మాత్రం దాన్ని తిప్పి 'పుట్టకముందే శత్రువైనవాడు' అన్నారు. రాణికి వేవిళ్ల వేళ భర్త రక్తం తాగాలనే కోరిక కలిగిందని, పుట్టబోయేవాడు తండ్రిని చంపుతాడని జోస్యులు చెప్పారని, ఆమె గర్భం పోగొట్టుకోవాలని చూస్తే రాజే అడ్డుపడ్డాడని ఒక కథ కూడా ఉంది. పేరును బట్టి పుట్టిన కథ అని నా అభిప్రాయం.

దేవదత్తుడి పాత్ర ఎంత?

బుద్ధుడికి దాయాది అయిన భిక్షువు. సంఘ నాయకత్వం తనకు అప్పగించమని అడిగి భంగపడ్డాడు. యువరాజును మహిమలతో ఆకట్టుకుని, నువ్వు తండ్రిని చంపి రాజువు కా, నేను బుద్ధుణ్ణి చంపి బుద్ధుణ్ణవుతాను అన్నాడని వినయపిటకం చెబుతుంది. విలుకాళ్లను పంపడం, గృధ్రకూటం కొండ మీద నుంచి బండ దొర్లించడం, నాలాగిరి అనే మదపుటేనుగును వదలడం అన్నీ ఆ తరువాతవే. రాజ్యంలోనూ సంఘంలోనూ వారసత్వపు తగవు ఒకేసారి రగిలిందన్నది ఇక్కడ గమనించాల్సిన సంగతి. తప్పంతా దేవదత్తుడిదేనని తోసేసి అజాతశత్రువును అమాయకుణ్ణి చేయడం మాత్రం సరికాదు. కత్తి కట్టుకున్న తొడ అతనిదే.

వెన్నెల రాత్రి కథ గురించి చెబుతారా?

నాకు ఇష్టమైన ప్రశ్న ఇది. దీఘనికాయంలోని సామఞ్ఞఫల సుత్తం తెరవండి. కార్తీక పున్నమి రాత్రి. అజాతశత్రువు మేడ మీద మంత్రుల మధ్య కూర్చుని ఉంటాడు. ఈ వెన్నెల ఎంత బాగుందో అని పొంగిపోయి, మనసుకు శాంతినిచ్చేవారు ఎవరున్నారని అడుగుతాడు. ఒక్కొక్కరు ఒక్కో గురువు పేరు చెబుతారు, ఆరు పేర్లు. రాజు పలకడు. వైద్యుడు జీవకుడు మాత్రం మౌనంగా కూర్చుంటాడు. అడిగితే, బుద్ధుడు నా మామిడితోటలోనే ఉన్నాడు, పన్నెండు వందల యాభై మంది భిక్షువులతో, అంటాడు.

అయిదు వందల ఆడ ఏనుగుల మీద అంతఃపుర స్త్రీలు, ముందు పట్టపుటేనుగు మీద రాజు, చుట్టూ దివిటీలు. తోట దగ్గర పడేసరికి రాజుకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. 'జీవకా, నన్ను మోసం చేయడం లేదు కదా? శత్రువుల చేతికి అప్పగించడం లేదు కదా? అంతమంది ఉన్నచోట ఒక్క తుమ్ము లేదు, ఒక్క దగ్గు లేదు, అదెలా?' అంటాడు. భయపడకండి మహారాజా, అదిగో మండపంలో దీపాలు వెలుగుతున్నాయి, పదండి అంటాడు జీవకుడు.

లోపలికి వెళ్లి, అలల్లేని చెరువులా కూర్చున్న ఆ సంఘాన్ని చూసి రాజు నోట వచ్చిన మొదటి మాట, నా కొడుకు ఉదయభద్రుడికి ఇలాంటి శాంతి దక్కాలి అని. తండ్రిని చంపిన రోజున పుట్టిన బిడ్డ అతనే. ఏదో ఒక రోజు వాడూ నన్ను చంపుతాడేమోనన్న దిగులే అలా అనిపించిందని వ్యాఖ్యానం అంటుంది.

ఇప్పుడు దీని పక్కన మజ్ఝిమనికాయంలోని ధమ్మచేతియ సుత్తం పెట్టి చూడండి. ఎనభై ఏళ్ల ప్రసేనజిత్తు బుద్ధుడి పాదాలు పట్టుకుని ఎందుకింత భక్తో చెబుతాడు. రాజులు రాజులతో, తండ్రి కొడుకుతో, కొడుకు తల్లితో, అన్న చెల్లెలితో తగవులాడుతున్నారు, ఇక్కడి భిక్షువులు మాత్రం పాలూ నీళ్లలా కలిసి ఉన్నారు అంటాడు. నాకు మరణశిక్ష వేసే అధికారం ఉంది, అయినా నేను సభలో మాట్లాడుతుంటే మధ్యలో అడ్డొస్తారు. మీరు బోధించేటప్పుడు దగ్గు కూడా వినిపించదు. ఒకసారి ఎవరో దగ్గబోతే పక్కవాడు మోకాలితో తట్టి ఆపాడు అంటాడు.

మేనల్లుణ్ణి వణికించిన నిశ్శబ్దమే మేనమామకు సేద తీర్చింది. ఈ రెండు సుత్తాలను కలిపి చదివితే ఆ రెండు రాజకుటుంబాల జబ్బు ఏమిటో అర్థమవుతుంది. మనుషులు మాట్లాడకుండా ఉంటే ఏదో కుట్ర జరుగుతోందని అనుకోవడం అజాతశత్రువుకు అలవాటైపోయింది.

బుద్ధుడు అతన్ని క్షమించాడా?

తప్పును తప్పుగా చూసి ఒప్పుకున్నావు గనుక దాన్ని స్వీకరిస్తున్నాం, అలా చూసి సరిదిద్దుకోవడం ఆర్యుల (ఉత్తముల) పద్ధతిలో ఎదుగుదలే అంటాడు. పాపం పోయిందని మాత్రం అనడు. రాజు వెళ్లిపోయాక భిక్షువులతో, ఈ రాజు తనను తానే దెబ్బతీసుకున్నాడు, తండ్రిని చంపకపోయి ఉంటే ఈ ఆసనం మీదే అతనికి ధర్మచక్షువు (సత్యాన్ని చూసే చూపు) కలిగేది అంటాడు. బౌద్ధంలో తండ్రిని చంపడం వెంటనే ఫలితమిచ్చే అయిదు మహాపాపాల్లో ఒకటి.

ఆ తరువాత అజాతశత్రువు బుద్ధుడి ధాతువుల్లో (అస్థికల్లో) ఒక వాటా తీసుకుని రాజగృహంలో స్తూపం కట్టించాడు. బుద్ధుడి బోధలను కూర్చడానికి భిక్షువులు జరిపిన మొదటి సంగీతికి (సభకు) సప్తపర్ణి గుహ దగ్గర ఏర్పాట్లు చేసింది కూడా అతనేనని సంప్రదాయం. ఇంత పోషణ చేసిన రాజు నేరాన్ని సంఘం దాచలేదు, తగ్గించి చెప్పలేదు. ఈ గ్రంథాల మీద నాకు గౌరవం కలగడానికి అది ఒక పెద్ద కారణం.

కాశీ గ్రామం కోసం యుద్ధం ఏమిటి?

కోసలదేవి పెళ్లికి పుట్టింటివాళ్లు స్నాన చూర్ణాల ఖర్చు కింద ఒక కాశీ గ్రామాన్ని ఇచ్చారు. మన భాషలో పసుపు కుంకుమల కింద ఇచ్చిన ఊరు. భర్త చనిపోయాక ఆ దుఃఖంతో ఆమే పోయింది. తండ్రిని చంపినవాడికి ఆ ఊరెందుకని ప్రసేనజిత్తు వెనక్కి తీసుకున్నాడు. యుద్ధం మొదలైంది.

ఇంకో సుత్తాల సంపుటి సంయుత్తనికాయం ప్రకారం మొదట ప్రసేనజిత్తు ఓడి శ్రావస్తికి పారిపోయాడు. అప్పుడు బుద్ధుడు చెప్పిన గాథే ధమ్మపదంలోనూ ఉంది: 'జయం వేరం పసవతి, దుక్ఖం సేతి పరాజితో'. గెలుపు పగను కంటుంది, ఓడినవాడు దుఃఖంతో పడుకుంటాడు. తరువాతి యుద్ధంలో అజాతశత్రువు ప్రాణాలతో దొరికాడు. నాకు ద్రోహం చేసినా నా మేనల్లుడే కదా అని సైన్యాన్ని లాక్కుని మనిషిని వదిలేశాడు మేనమామ. కూతురినిచ్చి, అదే ఊరిని మళ్లీ ఆమె స్నాన చూర్ణాల కింద రాసిచ్చాడని వ్యాఖ్యానం.

ప్రసేనజిత్తు చివరికి ఏమయ్యాడు?

అంతకుముందు అతను ఒక ఘోరం చేశాడు. చాడీలు నమ్మి, సేనాపతి బంధులుణ్ణీ అతని ముప్పై ఇద్దరు కొడుకులనూ చంపించాడు. నిర్దోషులని తరువాత తెలిసి కుమిలిపోయి, బంధులుడి మేనల్లుడు దీఘకారాయణుణ్ణి సేనాపతిని చేశాడు. పైన చెప్పిన ఎనభై ఏళ్లనాటి దర్శనం రోజున బుద్ధుడి గదిలోకి వెళుతూ కత్తినీ తలపాగానూ ఆ దీఘకారాయణుడి చేతికే ఇచ్చాడు. సుత్తం అంతవరకే చెబుతుంది. మిగతాది వ్యాఖ్యానం చెబుతుంది: బయటికి వచ్చేసరికి ఒక గుర్రం, ఒక దాసి తప్ప ఎవరూ లేరు. రాజచిహ్నాలు తీసుకెళ్లి కొడుకు విడూడభుడికి పట్టం కట్టేశారు.

సాయం కోసం మేనల్లుడి ఊరికి బయలుదేరాడు. రాజగృహం చేరేసరికి కోట తలుపులు మూసేశారు. ఊరి బయట సత్రంలో పడుకుని, ఎండకూ ప్రయాణానికీ అలసిపోయిన ఆ ముసలి రాజు రాత్రే చనిపోయాడు. తెల్లవారి దాసి ఏడుపు విని జనం రాజుకు చెప్పారు. అజాతశత్రువే మేనమామకు అంత్యక్రియలు చేశాడు.

విడూడభుడు శాక్యులను ఎందుకు చంపాడు?

కులగర్వం వల్ల వచ్చిన కథ ఇది. బుద్ధుడి కులంతో వియ్యమందాలని ప్రసేనజిత్తు శాక్యుల పిల్లను అడిగాడు. కాదనడానికి భయం, ఇవ్వడానికి అహం. మహానాముడనే శాక్యుడు దాసీకి పుట్టిన తన కూతురు వాసభఖత్తియను రాచపిల్లగా చూపించి పంపాడు. ఆమె కొడుకు విడూడభుడు. పదహారేళ్ల వయసులో అమ్మమ్మగారి ఊరు చూడాలని కపిలవస్తుకు వెళ్లాడు. అతను వెళ్లిపోయాక ఒక దాసి, దాసీకొడుకు కూర్చున్న పీట ఇదేనని తిడుతూ పాలు కలిపిన నీళ్లతో కడుగుతోంది. మరిచిపోయిన ఆయుధం కోసం వెనక్కి వచ్చిన ఒక సైనికుడు అది విన్నాడు. నేను కూర్చున్న పీటను వాళ్లు పాలతో కడిగారు, నేను వాళ్ల గొంతు నెత్తురుతో కడుగుతాను అని ఆ కుర్రవాడు శపథం చేశాడు.

ప్రసేనజిత్తు తల్లీకొడుకులను దాసదాసీల స్థాయికి దించితే, బుద్ధుడే నచ్చజెప్పి మళ్లీ వాళ్ల స్థానం ఇప్పించాడు. కానీ ఆ పీట కుర్రవాడి మనసులో నుంచి పోలేదు.

మరి బుద్ధుడు ఆ ఊచకోతను ఎందుకు ఆపలేదు?

మూడుసార్లు ఆపాడు. సైన్యం వచ్చే దారిలో, శాక్యుల పొలిమేరలో, ఆకులు పలచగా ఉన్న చెట్టు కింద కూర్చున్నాడు. ఇటువైపు మంచి నీడ ఉంది కదా అని విడూడభుడు అంటే, చుట్టాల నీడ చల్లన అన్నాడు. విడూడభుడు వెనక్కి మళ్లాడు. నాలుగోసారి బుద్ధుడు వెళ్లలేదు. వాళ్ల పూర్వకర్మ పండిందని వ్యాఖ్యానం కారణం చెబుతుంది. ఆ జవాబు నాకు తృప్తినివ్వదు, నిజం చెప్పాలి. ఆ పలచని నీడలో మూడుసార్లు కూర్చున్న మనిషి మాత్రం నాకు కళ్లకు కట్టినట్టు కనిపిస్తాడు.

తిరుగుదారిలో అచిరవతి నది ఇసుకలో విడిది చేసిన విడూడభుణ్ణీ సైన్యాన్నీ రాత్రి వరద ఊడ్చుకుపోయింది. ఆ నది పేరు నేడు రాప్తి.

అజాతశత్రువు తరువాత మగధ ఏమైంది?

శ్రీలంక చరిత్ర గ్రంథం మహావంశం లెక్క ప్రకారం, 32 ఏళ్లు ఏలిన అజాతశత్రువును ఉదయభద్రుడు చంపాడు. మండపంలో ఎవరి కోసం శాంతి కోరుకున్నాడో ఆ కొడుకే. అతన్ని 16 ఏళ్లకు కొడుకు అనురుద్ధకుడు, అతన్ని ముండుడు, అతన్ని నాగదాసకుడు చంపారు. నాగదాసకుడు 24 ఏళ్లు ఏలాక జనం విసిగిపోయి, ఇది తండ్రులను చంపే వంశమని అతన్ని వెళ్లగొట్టి, మంత్రి శిశునాగుడికి పట్టం కట్టారు. పురాణాల పట్టిక వేరుగా ఉంటుంది. వరసగా ఇన్ని పితృహత్యలు లెక్కగట్టినట్టు జరిగాయని నమ్మనక్కర్లేదు.

జైనులు కూడా ఇదే చెబుతారా?

వాళ్లకు ఇతను కూణికుడు, తల్లి వైశాలి ఆడపడుచు చేల్లణ. తండ్రి శ్రేణికుణ్ణి చెరలో పెట్టాడన్నది ఉంది. కానీ విడిపించాలని గొడ్డలి పట్టుకుని పరుగెత్తి వస్తున్న కొడుకును చూసి, చంపడానికే వస్తున్నాడనుకుని తండ్రి ప్రాణం తీసుకున్నాడంటారు. ఉదాయి, అంటే ఉదయభద్రుడు, వాళ్లకు భక్తుడైన మంచి రాజు.

తేదీలు ఏవి?

శ్రీలంక మొదలైన దేశాల థేరవాద బౌద్ధుల లెక్కలో బుద్ధుడి పరినిర్వాణం (మరణం) క్రీ.పూ. 544. చాలాకాలం చరిత్రకారులు క్రీ.పూ. 486 లేదా 483 అన్నారు, ఇటీవలివాళ్లు క్రీ.పూ. 400 దగ్గరికి తెస్తున్నారు. అజాతశత్రువు ఏలుబడి ఎనిమిదో ఏట పరినిర్వాణం జరిగిందని మహావంశం.

అశోకుడు 99 మంది అన్నదమ్ములను చంపాడా?

మహావంశం అలాగే అంటుంది. కానీ ఆయన అయిదో శిలాశాసనం తన అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల అంతఃపురాల్లోనూ ధర్మ మహామాత్రులను (ధర్మ వ్యవహారాలు చూసే అధికారులను) నియమించినట్టు చెబుతుంది. ఆ శాసనం చూడటానికి తెలుగువాళ్లు దూరం పోనక్కర్లేదు, కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఉంది. వారసత్వానికి పోరు జరిగి ఉండవచ్చు, 99 మాత్రం అతిశయోక్తి.

ఈ కథలు శిల్పాల్లో ఎక్కడైనా ఉన్నాయా?

క్రీ.పూ. 2వ శతాబ్దపు భార్హుత్ స్తంభం మీద అజాతశత్రువు బుద్ధుడికి మొక్కుతున్నట్టు ఉంది, కింద 'అజాతశత్రువు భగవంతుడికి వందనం చేస్తున్నాడు' అని ప్రాకృతంలో చెక్కారు. అది కలకత్తా మ్యూజియంలో ఉంది.

మన అమరావతి స్తూపం నుంచి వెళ్లిన ఒక గుండ్రని ఫలకం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. అది నాలాగిరి కథ. ఎడమవైపు ఏనుగు రాజగృహం వీధిలో మనిషిని తొండంతో పట్టి విసురుతోంది. జనం చెదిరిపోతున్నారు, ఒక స్త్రీ భయంతో పక్కవాణ్ణి కరుచుకుంది. కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లింది. పైన మేడ కిటికీల్లో నుంచి కొన్ని ముఖాలు వంగి కిందికి చూస్తున్నాయి.